హార్లన్ దట్టించిన తూటాలు

హార్లన్ ట్వైట్‌కి ఎనభై నాలుగేళ్ళు. చేతులు వణికి, తుపాకీ మందు త్రాసు పళ్ళెంలో కంటే బల్ల మీదే ఎక్కువ పడుతుంటే, తూటాలు దట్టించడం ఇక తన వల్ల కాదని ఒప్పుకున్నాడు. ఆయన ఏదైనా ఒప్పుకోవడం ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. వృద్ధాశ్రమానికి వెళ్తూ కొడుకు వెండెల్ చేతిలో షెడ్డు తాళం పెట్టి, అరల్లో ఉన్న పాత తూటాల సంగతి నువ్వే తేల్చమన్నాడు. కాల్చుకుంటావో, విప్పి పారేస్తావో నీ ఇష్టమన్నాడు.

మోంటానాలో ఆ లోయ మనుషులు ఒకరు చేత్తో దట్టించిన తూటాను ఇంకొకరు కాల్చరు. ఎవడి పొరపాటు ఎవడి మొహం మీద పేలుతుందో ఎవరికి తెలుసు? హార్లన్ విషయంలో మాత్రం ఆ పట్టింపు లేదు. సగం లోయ తమ ఖాళీ ఇత్తడి గొట్టాలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళేది. ఆయన ఒక్కో తుపాకీకి సరిపోయే కొలత కనిపెట్టి, తూటాలు కట్టి, డబ్బా మీద చీటీ అంటించేవాడు. ఏ మందు, ఎంత తూకం, ఏ తేదీ, ఎవరి తుపాకీ, అన్నీ చీటీ మీద ఉండేవి. హార్లన్ పేకాటలో మోసం చేస్తాడు, చేపల పొడుగు గురించి కోతలు కోస్తాడు, చీటీ మీద మాత్రం అబద్ధం రాయడని అందరికీ తెలుసు.

వెండెల్‌కి కుడికన్ను లేదు. ఇరవై రెండేళ్ళ కిందట నవంబరులో కొండ గట్టు మీద ఎల్క్ దుప్పికి గురిపెట్టి మీట నొక్కితే, తుపాకీ వెనకవైపు బద్దలై మొహాన పేలింది. అతను ఆసుపత్రి నుంచి వచ్చేసరికే తండ్రి కెఫేలో అందరికీ చెప్పేశాడు, వాడు తుపాకీ గొట్టంలో మంచు దూరి అడ్డుపడిందేమో చూసుకోకుండా కాల్చాడని. చూసుకున్నట్టే గుర్తు వెండెల్‌కి. కానీ పదిమందీ పదిసార్లు అదే మాట అంటే ఎంతటివాడికైనా తన మీద తనకే అనుమానం వస్తుంది. "వెండెల్, కాఫీ కప్పులో మంచుందేమో చూసుకుని తాగు" అని కెఫేలో తండ్రి బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు ఆటపట్టించేవారు. మొదట్లో మండిపోయేవాడు, తర్వాత తనూ నవ్వడం నేర్చుకున్నాడు. ఎడమ భుజానికి ఆనించి కాల్చడమూ నేర్చుకున్నాడు. తల్లి ఓపల్ ప్రతి ఏడూ వేట మొదలయ్యే ముందు ఫోన్ చేసి, గొట్టంలోకి ఒకసారి చూసుకో నాయనా అనేది. నాలుగేళ్ళ కిందట చనిపోయేదాకా ఒక్క ఏడు కూడా మానలేదు.

షెడ్డులోకి వెళ్ళినప్పుడు వెండెల్ ఆ తూటాల్లో కొన్ని ఉంచుకుందామనే అనుకున్నాడు. ఎంతైనా తండ్రి చేతి పని. ఒక్కో చీటీ చదువుతూ మంచివి ఒక పక్కన, తుప్పు పట్టినవి ఒక పక్కన పెడుతున్నాడు. కింది అరలో, వెనక్కి తోసేసిన డబ్బా మీద తన పేరు కనపడింది. లోపల అన్నీ ఖాళీ ఇత్తడి గొట్టాలు. చీటీ మీద పాత కొలతలు కొట్టేసి ఉన్నాయి. ప్రమాదం జరిగిన మర్నాటి తేదీ వేసి, కింద పెన్సిల్‌తో రాసి ఉంది: "మిగిలిన పందొమ్మిదీ విప్పాను. మందు కొలిచే తొట్టిలో మిగిలిన పిస్టల్ మందు చూసుకోకుండా రైఫిల్ మందు డబ్బాలో పోశాను. అదే వీటిల్లో పడింది. తప్పు నాది. హెచ్."

పిస్టల్ మందు చాలా వేగంగా మండుతుందని, రైఫిల్ తూకంలో పడితే తుపాకీయే బద్దలవుతుందని వెండెల్‌కి తెలుసు. కోపం ముంచుకొచ్చింది. అయినా ఆ కోపం వెనక చిన్న ఊరట కూడా ఉందని చెప్పాలి. తను ఆ రోజు గొట్టంలోకి చూసుకున్నాడు.

మధ్యాహ్నం వృద్ధాశ్రమానికి వెళ్ళేసరికి హార్లన్ కిటికీ పక్కన కూర్చుని యాపిల్ గుజ్జు తింటున్నాడు. వెండెల్ డబ్బాని ఆయన ముందు పెట్టాడు. ముసలాయన దాన్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"ఇరవై రెండేళ్ళు నాన్నా. ఒక్క మాట నోటితో చెప్పలేకపోయావా?"

"చీటీ మీద రాశాను కదరా."

"చీటీ నీ షెడ్డులో ఉంది. మంచు మాట ఊరంతా తిరిగింది."

నిజం బయటపెడితే ఒక్కడు కూడా తన తూటా ముట్టుకునేవాడు కాదని, తూటాలు కట్టే ఆ బల్ల తప్ప తనకేముందని హార్లన్ గొణిగాడు. రేపు పొద్దున్న కారులో తీసుకెళ్తాను, కెఫేలో అందరి ముందూ ఆ మాట చెప్పు అన్నాడు వెండెల్.

"ఎవరికి చెప్పమంటావ్? కెఫేలో మా బల్ల దగ్గర కూర్చునేవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే."

అది నిజమే. వెండెల్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగాడు.

"కనీసం అమ్మకైనా చెప్పాల్సింది. కొడుకు ఒట్టి అజాగ్రత్త మనిషనుకుంటూనే పోయింది."

హార్లన్ చెంచా కింద పెట్టాడు. జీవితంలో ఎన్నో అబద్ధాలాడినవాడు, ఇంకొక్కటి ఆడి ఉంటే పుణ్యం ఉండేది.

"మీ అమ్మకి మర్నాడే చెప్పాను. బయటపెట్టొద్దంది. నీ కన్ను ఎలాగూ తిరిగి రాదు, నా పేరు కూడా ఎందుకు పోగొట్టుకోవడం అంది."

"మరి ఏటేటా ఆ ఫోన్లెందుకు?"

"నీకు అనుమానం రాకూడదని."

హార్లన్ మళ్ళీ చెంచా అందుకుని, ఆ మిగతా డబ్బాలు మంచివేరా, పారెయ్యకు అన్నాడు.

వెండెల్ షెడ్డుకి తిరిగి వచ్చి ఒక్క డబ్బా కూడా మిగల్చలేదు. తూటాలు విప్పే సుత్తితో ఒక్కో తూటానూ విప్పి గుండ్లు బకెట్లో వేశాడు, గొట్టాలు సంచిలో పోశాడు, మందంతా గడ్డి మీద పలచగా చల్లాడు. తండ్రి మీద ఎంతైనా కోపపడగలడు, దానికి సిద్ధపడే వెళ్ళాడు. వృద్ధాశ్రమంలో తలుపు దగ్గర వెనక్కి తిరగకుండా వచ్చేసి ఉంటే, తల్లి ఒక్కతైనా అతనికి మిగిలేది.