ఇస్త్రీ అత్త వేషం

సరుకు అమ్ముడుపోవాలంటే ముందు దాని అవసరం జనానికి తెలియాలి. ఆ లెక్క, వీధంతా మిరపకాయ అని పిలిచే పిల్లకు పద్నాలుగేళ్ళకే వంటబట్టింది. వీధిలో జ్వరాలు ముసిరాయి. నీళ్ళ డ్రమ్ముల్లో దోమపిల్లలు తోకలాడిస్తున్నాయని కళ్ళజోడు అని పిలుచుకునే స్నేహితురాలు భూతద్దంలో చూపించింది. ఇద్దరూ కలిసి డ్రమ్ములకు వలమూతలు కుట్టారు. మూత జారకుండా రబ్బరు పట్టీలు కావాలి. మిరపకాయ నాన్న తన పంక్చర్ల కొట్లోని పాత ట్యూబుల్ని టైర్లతో సహా ఇచ్చేశాడు. ట్యూబులు కోసుకుని, టైర్లు మిరపకాయ ఇంటి పెరట్లో పేర్చారు.

గిరాకీ కోసం వీధి మలుపులో నాటకం వేశారు. ఆ వీధిలో మూత వద్దని మొహం మీదే చెప్పింది, బల్ల వేసుకుని అందరి బట్టలూ ఇస్త్రీ చేసే ఇస్త్రీ అత్త ఒక్కతే. మిరపకాయ ఆమెలాగే నడుం మీద చెయ్యేసుకుని, కాలీడ్చుకుంటూ నడిచి, "నా డ్రమ్ము, నా దోమలు, మీకేంటి నొప్పి?" అంది. జనం పడీపడీ నవ్వారు. తెచ్చిన మూతలన్నీ చెల్లిపోయాయి. జ్వరాలన్నీ ఆమె డ్రమ్ము వల్లేనని, ఆ తర్వాత అత్త బల్ల మీదికి బట్టలు రావడం తగ్గింది.

సిగ్గుపడి అత్త కూడా మూత కొంది. అయినా జ్వరాలు తగ్గలేదు. ఓ రోజు పెరట్లో టైరు పక్కకు లాగబోతే, అందులోని వాననీళ్ళు మిరపకాయ పాదాల మీద ఒలికాయి. వాటి నిండా దోమపిల్లలే.

"టైర్లన్నిట్లోనూ ఉన్నాయే," అంది కళ్ళజోడు. "పారబోసేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

పారబోశారు. కానీ మిరపకాయకు లెక్క కుదరలేదు. వ్యాపారంలో నష్టమొస్తే ఇంకో బేరంలో పూడ్చుకోవచ్చు. ఒకరి పరువు అమ్ముకుని తిన్న లాభాన్ని ఏ బేరంలో తిరిగిస్తారు?

ఎవరూ లేనప్పుడు చూసి అత్త దగ్గరికెళ్ళింది. "తప్పయింది అత్తా. దోమలు మా పెరట్లోవి."

అత్త ఇస్త్రీ ఆపలేదు. "నలుగురిలో ఆడిపోసుకుని, చెవిలో తప్పయిందంటావా? బాగుందే నీ బేరం! నా చెవిలో చెబితే నాకు బట్టలొస్తాయా?"



మర్నాడు అదే మలుపులో రేకుడబ్బా వాయించింది. జనం చేరారు. "అత్తలా నడువే!" అని ఎవరో అరిచారు.

"ఇవాళ నా వేషం నేనే వేస్తున్నా," అంది. "దోమలు పుట్టింది మా టైర్లలో. తెచ్చిపెట్టింది నేను. అత్తను నవ్వులపాలు చేసిందీ నేనే."



"అయితే మా చంటాడి జ్వరం మీ పుణ్యమేనా?" అంది ముందు నిలబడిన పిల్లతల్లి.

"అయ్యుంటుంది, పిన్నీ."

పిన్ని ఇంట్లోకెళ్ళి నలిగిన బట్టల మూట తెచ్చి, మిరపకాయను దాటుకుంటూ అత్త బల్ల వైపు నడిచింది. అత్త మూట అందుకుంది. మిరపకాయ వైపు మాత్రం చూడలేదు. చూడమని అడిగే ముఖం మిరపకాయకూ లేదు.