తవిటినాయుడు అడాప్టరు కొనిన వృత్తాంతము

వర్షాకాలమంతయు గర్జించి గర్జించి యలసిన మేఘములు తమ జలభారమును ఎచ్చటనో దింపుకొని తెల్లని పింజలై నిర్విచారముగా విహరించుచుండ నాగావళీ సైకతస్థలములయందు రెల్లుపూవులు వింజామరలు వీచుచుండ తోమి బోరగిలవేసిన కంచుపళ్లెమువలె గగనమండలము మచ్చలేక మెఱయుచుండ కార్తికమాసము ప్రవేశించి నాలుగు దినములయ్యెను. శరత్కాలమును వర్ణించువారికి అది ఎంత మనోహరమో చినబొడ్డవలస రైతులకు అంత భయంకరముగా నుండెను. ఏలయన ఊరివారి వరిచేలన్నియు పొట్టమీద నుండెను. వెన్ను పైకి వచ్చు ఆ తరుణమున మడి తడియాఱెనా గింజ పాలుపోసుకొనక తాలుగా మిగులును. వాన మొగము చూపి పదునెనిమిది దినములయ్యెను.

ఏటిలో నీరు లేకపోలేదు. కాని యేఱు పల్లమునను పొలము మెరకనునుండుటచే ఆ నీటిని ఎనిమిదివందల యెకరముల ఆయకట్టునకు ఎత్తిపోయు భారమును ఒడ్డుననున్న పంపుగృహములోని రెండు మహాయంత్రములు వహించుచుండెను. వానిని పదునాలుగేండ్లనుండి కనిపెట్టి కాపాడుచున్నవాడు మజ్జి తవిటినాయుడు. నలుబదియాఱేండ్ల వయస్సును బక్కపలుచని దేహమును ఎవ్వరేమనినను నొచ్చుకొను మనస్సును గల ఆ పురుషుడు మోటారు చప్పుడు వినినంతనే దాని క్షేమసమాచారమును చెప్పగల నేర్పరి. అట్టివాని చేతిలోనే ఇపుడు యంత్రములు రెండును మూగవోయి కూర్చుండెను.

కారణమేమనగా నీటికి ఏ తలుపు ఎప్పుడు తెఱువవలయునో ఏ మోటారు ముందు తిరుగవలయునో నిర్ణయించునది గోడకు బిగించిన ఇనుపపెట్టె. చేతితో నడుపు మీటలను ఆ పెట్టె వచ్చిననాడే ఊడబెఱికి పాతసామానులలో పడవైచిరి. గడచినవారము ఈదురుగాలికి స్తంభములు కూలి రెండుదినములు కరెంటు లేకపోగా పెట్టెలోపలి చిన్న బ్యాటరీయును అదే సమయమున ప్రాణములు విడిచెను. అంతటితో పెట్టె తాను నేర్చినదంతయు మఱచిపోయెను. బ్యాటరీని మార్చుట తవిటినాయునికి చిటికెలో పని. మఱచిన విద్యయొక్క ప్రతి నీటిసంఘమువారి ల్యాపుటాపులో భద్రముగనే యుండెను. దానిని మరల పెట్టెలోనికి ఎక్కించినచో చాలును.

చిక్కంతయు ఆ ఎక్కించుటయందే వచ్చెను. పెట్టెకు గల మార్గము తొమ్మిది సూదుల పాతకాలపు సీరియల్ పోర్టు. ల్యాపుటాపో నిరుడు కొనిన సన్నని నాజూకు పరికరము. దానికి అట్టి ద్వారమే లేదు. వెనుకటి ల్యాపుటాపు నాటినుండియు నడుమ దుబాసియై ఏడేండ్లు కొలువుచేసినది జానెడు పొడవుగల ఒక అడాప్టరు. తవిటినాయుడు మిక్కిలి భక్తిపరుడగుటచే విజయదశమినాడు ఆయుధపూజ చేయుచు మోటార్లకు బొట్లు పెట్టి పానాలకు బొట్లు పెట్టి ల్యాపుటాపు మూతకు గంధము పూసి ఇన్నేండ్లు మాటదప్పక సేవించినదిగదా యని అడాప్టరునకు మాత్రము ప్రత్యేకగౌరవముగా దాని తొమ్మిది సూదులును మునుగునట్లు తడిపసుపు మెత్తి నడుమ కుంకుమ దిద్దెను. ఆ గౌరవమును అది సహింపలేకపోయెను. ఇరువదినాలుగు దినముల తరువాత అవసరము వచ్చి చూడగా సూదులకు చిలుము పట్టియుండెను. మేకుతో గోకగా వానిలో రెండు విఱిగి నేలరాలెను.

ఆ యుదయముననే నీటిసంఘము అధ్యక్షుడగు గేదెల అప్పలస్వామి పంపుగృహమునకు వచ్చి గుమ్మమున నిలిచెను. అఱువదియేండ్లు దాటిన ఆ వృద్ధుని పొలము కాలువకు చిట్టచివర నుండుటచే నీరు అందరికిని అందినపిమ్మటనే ఆయనకు అందుచుండును.

"ఏటి నాయుడా, నీరొదుల్తావా లేదా?"

"అడాప్టరు పాతదైపోనాది మావా. పట్నమెల్లి కొత్తది తెస్తాను."

"ఇంకో మూడ్రోజులు సూస్తాను. ఆపైన నువ్వు సముద్రాన్ని తెచ్చి నా మడిలో పోసినా గింజ రాదు."

పాతదైపోయినదను మాట యబద్ధమని చెప్పినవానికి తెలియును. పసుపు సంగతి చెప్పుటకు నోరాడక ఆతడు తలవంచుకొని శ్రీకాకుళపు బస్సెక్కెను.

కంగారులో నున్నవాడు చేయు మొదటి తప్పును తవిటినాయుడును తప్పక చేసెను. ల్యాపుటాపును ఇంట విడిచి ఒట్టిచేతులతో పోయెను. బస్సు దిగినచోటనే కనబడిన అంగడిలో అద్దమువలె పారదర్శకమై లోపల నీలిదీపములు మినుకుమినుకుమనుచున్న అడాప్టరొకటి వ్రేలాడుచుండెను. అది ఎంతకాలము నిలుచునని గాని ఎవరు చేసిరని గాని అడుగకయే దాని సొగసునకు ముగ్ధుడై పుచ్చుకొని మధ్యాహ్నమునకెల్ల తిరిగివచ్చి తగిలించెను. నీలిదీపములు నాట్యమాడెను. తెరపై అంకెలు పెరుగసాగెను. పది, ఇరువది, ముప్పది. నూటికి నలుబదిమూడు చేరినంతనే అడాప్టరు కన్నుమూసెను.

రెండవమారు ఇరువదియేడుకడ ఆగెను. మూడవమారు అఱువదికడ. నాలుగవమారు ఆరంభమే కాలేదు. సగము చదువు మాత్రమే తలకెక్కిన ఇనుపపెట్టె ఏమిచేయుటకును తోచక ఎఱ్ఱదీపము వెలిగించుకొని యుండెను. ఒక దినము గడచిపోయెను. సాయంకాలము తన గుమ్మము ముందునుండి రైతులు మాటాడక సాగిపోవుచుండ తవిటినాయునికి వారు తిట్టినను బాగుండుననిపించెను. పదునాలుగేండ్ల నమ్మకము ఒక తీగముక్క చివర వ్రేలాడుచున్నదని తలచుకొనగా ఆతనికి అన్నము సహింపలేదు.

మఱునాటి యుదయమున ఆతడు ల్యాపుటాపును తువ్వాలలో చుట్టి చచ్చిన పాత అడాప్టరును నీలిదీపముల క్రొత్తదానిని జేబులో వేసికొని మరల పట్నమునకు పోయెను. తెలిసిన బస్సు కండక్టరొకడు చెప్పిన ఆనవాలునుబట్టి ఇఱుకుసందులో బెహరా సువర్చల యను నామె నడుపు మరమ్మతుల దుకాణమును వెదకి పట్టుకొనెను. ఆమె టెలిఫోను శాఖలో ముప్పదియేండ్లు పనిచేసి విరమించిన స్త్రీ. నుదుట కాసంత బొట్టును ముక్కుపై జారిన కండ్లద్దములును చేత సెగలుగ్రక్కు సోల్డరింగు కడ్డీయును గలిగి ఆమె బల్లవెనుక సుఖాసీనయై యుండెను. పాత అడాప్టరును అందుకొని వెలుతురునకు ఎత్తిపట్టి చాలసేపు చూచెను.

"పసుపు పెట్టారా నాయుడుగారూ?"

ఊరిలో ఎవ్వరికిని చెప్పలేకపోయిన సంగతి ఆ పరాయి దుకాణములో ఆతని నోట తానే వెడలివచ్చెను. "పెట్టానమ్మా. కుంకం కూడా. నా సేతుల్తోటే పాడుసేసుకున్నాను" అని చెప్పి ఆతడు కండ్లు తుడుచుకొనెను.

సువర్చల కండ్లద్దములు మసకలు క్రమ్మునంతగా నవ్వెను. "బొట్టు నుదుటికి పెడతారు గానీ నోట్లో పెడతారుటండీ! సర్లెండి, పోనివ్వండి. మరి ఈ నీలంది ఎందుకు కొన్నారు?"

"మెరిసిందమ్మా."

ఆమె ఈమారు నవ్వలేదు. బల్లపై చోటుచేసి ల్యాపుటాపును పెట్టించి విషయమును ఓర్పుతో విశదపఱచెను. దాని సారాంశమిది. అడాప్టరు కడుపులో మినపగింజంత తునకయొకటి యుండి ల్యాపుటాపు భాషను పాతపోర్టు భాషలోనికి మార్చుచుండును. పేరుపడిన తునకల పేరు దొంగిలించి తమ వీపున వ్రాసికొనిన నకిలీలు సంతలో కోకొల్లలు. వానిని ల్యాపుటాపు కొన్నిమారులు ఆనవాలు పట్టి వెలివేయును. కొన్నిమారులు పోనిమ్మని ఊరకుండును. అట్లూరకున్నపుడే ప్రమాదము. పైరూపమును చూచి వానిని గుర్తించుట ఆమెకును సాధ్యము కాదు. పని చెప్పి చూచుటయే మార్గము.

ఆ పరీక్ష విధానమును చూచి తవిటినాయుడు ఆశ్చర్యపడెను. సువర్చల సన్నని రాగితీగను తీసికొని అడాప్టరు రెండవసూదిని మూడవసూదితో జతకలిపెను. అట్లు కలిపినచో ల్యాపుటాపు పలికిన ప్రతిమాటయు పోయినదారినే వెనుకకు వచ్చి తెరపై కనబడవలయును. పోయినది పోయినట్లు వచ్చెనా అడాప్టరు నిజాయితీపరురాలు. పలుకుటకు పొడవైన వ్రాతయొకటి కావలెనని ఆమె అడుగగా ల్యాపుటాపులో ఆతనికి తెలిసినది ఒక్కటే యుండెను. కాలువ మొదటినుండి కొసవఱకు వరుసగా వ్రాసిన నాలుగువందల పండ్రెండుమంది ఆయకట్టు రైతుల జాబితా అది.

మొదట నీలిదీపముల అడాప్టరు అఱువదిమంది పేర్లు పలికి ఇక నావలన కాదని అంతర్ధానమయ్యెను. దుకాణములోనిదే యగు రెండవది ఒక్క గుక్కలో జాబితానంతయు తిరిగిచ్చెను. తవిటినాయుడు సంతోషముతో లేచి నిలువబోయెను.

"కూర్చోండి. లెక్కపెట్టండి" అనియెను సువర్చల.

లెక్కించి చూడగా నాలుగువందల ఐదే యుండెను. పలికినకొలది వేడెక్కిన ఆ తునక చివరికి వచ్చుసరికి అలసి ఏడుపేర్లను మ్రింగి ఏమియు ఎఱుగనట్లు ఊరకుండెను. పోయినవారందరును కొసమళ్లవారు. వారిలో అప్పలస్వామియును ఉండెను. ఆ వరుసలో ఆయన పేరుండవలసిన చోట తవిటినాయునికి ఖాళీ కనబడెను. లెక్క చూడకుండనే దీనిని తీసికొనిపోయియుండినచో అని తలచి ఆతడు దానిని ముట్టుకొనుటకును భయపడెను.

అంతట సువర్చల బల్లక్రింది అట్టపెట్టె వెదకి బూడిదరంగుదియు మొద్దుదియు దీపములు లేనిదియు ప్రక్కల రెండు మరలు గలదియునగు అడాప్టరొకదానిని తీసెను. దానిని చూచి మెచ్చుకొనువాడు భూలోకమున పుట్టియుండడు. నాలుగువందల పండ్రెండు. వేగము రెట్టింపు చేసెను. నాలుగువందల పండ్రెండు. తీగను అటునిటు కదలించుచు ముప్పావుగంటసేపు ఎడతెగక పలికించెను. ఒక్క పేరును పోలేదు. వ్రేలితో తాకి చూడగా చల్లగానే యుండెను. తవిటినాయుడు రెండుదినములనుండి బిగబట్టిన ఊపిరిని ఆ దుకాణములోనే మొదటిసారి విడిచెను.

"నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి, మధ్యలో ఇంకోటి పెట్టకండి. మరలు రెండూ బిగించండి. పని అయ్యేదాకా ల్యాప్‌టాప్‌ని నిద్రపోనివ్వకండి" అని బోధించి సువర్చల దానిని ఆతని చేతిలో పెట్టెను.

ఆతడు ఊరు చేరునప్పటికి ప్రొద్దు నడినెత్తినుండి వాలెను. పంపుగృహము ముందు పదిపండ్రెండుమంది రైతులు నిలువబడియుండిరి. తవిటినాయుడు లోపలికి పోక అప్పలస్వామి యెదుట నిలిచి పసుపు మెత్తిన వృత్తాంతమును దాచక చెప్పివేసెను. వృద్ధుడు ఆతని మొగమును నిదానించి చూచెను.

"ఇంతేనా? నిన్నట్నుంచీ నీ మొకం సూసి ఏటో పెద్ద సంగతనుకున్నాను. ఎల్లు, ముందు పన్జూడు."

మరలు రెండును బిగించి తవిటినాయుడు ల్యాపుటాపు మీట నొక్కెను. ఇరువది. ముప్పదియైదు. నలుబదిమూడుకడకు వచ్చునప్పటికి ఆతడు కండ్లు మూసికొనెను. తెఱచి చూచునప్పటికి ఏబదియొకటి. డెబ్బది. తొంబది. బూడిదరంగు మొద్దు అడాప్టరు దీపము వెలిగింపక గర్వము చూపక తన పని తాను చేసికొనిపోవుచుండెను. నూఱు అని తెరపై కనబడినంతనే ఇనుపపెట్టెలో టక్కుమని చప్పుడాయెను. ఎఱ్ఱదీపము ఆఱి పచ్చదీపము వెలిగెను. పెద్దతలుపు మూలుగుచు తెఱచుకొనెను. మొదటి మోటారు గొంతు సవరించుకొని లేచెను. రెండవది దానికి శ్రుతి కలిపెను. బయట గొట్టముల మొగములనుండి నాగావళి తెల్లని నురుగులతో కాలువలోనికి దూకెను.

రైతులు కేకలువేయుచు తమతమ మళ్లవైపు పరుగులు తీసిరి. తవిటినాయుడు గోడకు ఆనుకొని కూర్చుండెను. కొంతసేపటికి లేచి మోటార్ల చప్పుడు చెవియొగ్గి విని సరిగానున్నదని నిశ్చయించుకొని నీటివెంట గట్టుమీద నడువసాగెను. ఎండిన కాలువ నెఱ్ఱెలనన్నిటిని పూడ్చుకొనుచు నీరు మెల్లగా సాగుచుండ ఆతడును మెల్లగా నడిచెను. ఒక్కొక్క తూము దాటినపుడెల్ల ఆతని గుండెలోని బరువు కొంత తగ్గెను. ప్రొద్దు గ్రుంకు వేళకు నీరు కాలువ కొసను చేరెను.

అచ్చట అప్పలస్వామి గట్టున పలుగుపారతో సిద్ధముగా నుండెను. గండి కొట్టి మడిలోనికి నీరు మళ్లించి ఆ వృద్ధుడు చీలమండలు మునుగువఱకు బురదలో అట్లే నిలిచిపోయెను. వంగి పొట్టమీదనున్న వరిమొక్క నొకదానిని పసిబిడ్డను నిమిరినట్లు నిమిరెను. తవిటినాయుడు ఆయనను పలుకరించుటకు సాహసింపక దూరముననే నిలిచెను.

అప్పలస్వామి తల త్రిప్పి చూచెను.

"నాయుడా, బువ్వ తిన్నావా?"

నిన్నటి సాయంకాలమునుండి తాను తినలేదను సంగతి తవిటినాయునికి అప్పటికి గాని స్ఫురింపలేదు. లేదని తల యూపెను. వృద్ధుడు గట్టుపై పెట్టిన సత్తుగిన్నె మూత తీసి అంబలిని రెండు భాగములు చేసి ఉల్లిపాయను పిడికిట చిదిమి ఒక పాలు ఆతని ముందు పెట్టెను. మెఱయుటకు ఎందఱైనను కలరు. పంపినదానిని పంపినట్లు చేర్చువారు అరుదు. అట్టివారికి లోకము బిరుదులీయదు. వేళకు ఇంత కూడు మాత్రము ఆప్యాయముతో ముందు పెట్టును. చీకట్లు క్రమ్ముచుండ మడి నీరు త్రాగుచున్న చప్పుడు వినుచు ఇరువురును గట్టుమీద కూర్చుండి కడుపునిండ తినిరి.