అమ్మ వదిలిన మూల

ప్రూఫులు దిద్దేవాళ్లకి ఖాళీ కనబడితే చెయ్యి ఊరుకోదు. అందులోనూ ఈ కూతురిది పద్దెనిమిదేళ్ల సర్వీసు. అచ్చయిన పెళ్లిపత్రిక ఇచ్చినా పెన్ను తీసే రకం.

అమ్మ పోయి నెలయింది. ఆమెను తలుచుకోవడానికి సాయంత్రం ఐదింటికి కాలనీ హాల్లో సభ. గోడకి అమ్మ వేసిన తొమ్మిది ఆయిల్ పెయింటింగులు వేలాడుతున్నాయి. అన్నీ అమ్మ చూసుకున్న మనుషులవే. మంచం పట్టినవాళ్లకి అన్నం పట్టుకెళ్లేది, ఆసుపత్రికి తోడెళ్లేది, కాస్త తీరిక దొరికితే ఎదురుగా కూర్చుని వాళ్ల బొమ్మ వేసేది. ప్రతి బొమ్మలోనూ కుడివైపు కింది మూల అరచేతంత మేర తెల్లగా ఉండిపోయింది. పాపం, పూర్తి చెయ్యకుండానే పోయిందనుకుంది కూతురు. నిన్నంతా కూర్చుని, అమ్మ రంగులతోనే తొమ్మిది మూలలూ నింపేసింది. ఒకచోట కిటికీ, ఒకచోట పూలకుండీ. పైగా దూరం నుంచి చూసుకుని మురిసిపోయింది కూడా.

మూడింటికి అంబులెన్స్ బాబాయి కుర్చీలు వెయ్యడానికి వచ్చాడు. అమ్మని పదిహేనేళ్లు రోగుల ఇళ్లకి తిప్పిన డ్రైవరు. చుట్టరికం లేకపోయినా బాబాయే. గోడవైపు చూసి ఆగిపోయాడు.

"ఈ మూలలు ఎవరు నింపారమ్మా?"

"నేనే బాబాయ్. అమ్మ సగంలో వదిలేసింది కదా."

చేతిలో కుర్చీ కింద పెట్టి, దానిమీద తనే కూలబడ్డాడు.

"సగంలో వదల్లేదు తల్లీ. అవి ఆ బొమ్మల్లోవాళ్లవి. మనిషిని నేను వేస్తాను, ఆ మూల మీరే వేసుకోవాలి అనేది మీ అమ్మ. వాళ్లు లేకపోతే ఇంట్లోవాళ్లు. హాల్లో బొమ్మలు పెట్టిన రోజున అందరిచేతా కలిపి వేయిస్తానని మాటిచ్చింది. ఇవాళ అందుకే వస్తున్నారు. ఇస్త్రీ షాపావిడ అయితే మొగుడు పోయిన దగ్గర్నుంచీ పాత కేలండర్ల వెనకాల ఇస్త్రీపెట్టె బొమ్మ దిద్దుకుంటోంది. నీకు చెప్పలేదా?"

చెప్పే ఉంటుంది. అమ్మ ఆదివారం ఆదివారం ఫోన్ చేసి గంటసేపు చెప్పేది. ఈమె ఒక కన్ను ప్రూఫుల మీద పెట్టి ఊఁ కొట్టేది. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎంతసేపుంది బాబాయ్?"

"రెండు గంటలు."

రంగు కరిగించే టర్పెంటైన్ సీసా, పాత నూలుగుడ్డలు తెచ్చింది. ఎనిమిది బొమ్మలు ఏళ్లనాటివి. అమ్మ రంగు గట్టిగా ఎండిపోయింది, ఈమెది నిన్నటి పచ్చి రంగు. గుడ్డ తగిలితే వచ్చేస్తోంది. అయినా ప్రతి మూలా అద్ది అద్ది తుడిచింది. బాబాయి పక్కన నిలబడి, "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఆమెని ఇంకా కంగారు పెట్టాడు.

తొమ్మిదోది ఇస్త్రీ షాపావిడ భర్తది. గుడ్డ ఒక్కసారి ఆనించి తీసేసరికి దానికి గోధుమరంగు అంటుకుంది. చెయ్యి ఆగిపోయింది. ఆ రంగు తనది కాదు. ఆసుపత్రిలో చేరే ముందు వారం అమ్మ ఈ బొమ్మలో చేతివేళ్లు మళ్లీ మందంగా దిద్దిందని బాబాయి చెప్పాడు. పైన ఆరినట్టున్నా లోపల ఇంకా పచ్చిగానే ఉంది. అమ్మ ఆఖరున వేసిన గీతలవే. వాటి అంచు మీదికే ఈమె వేసిన పూలకుండీ ఎక్కి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ షాపావిడ వచ్చింది, చంకలో చుట్టిన కేలండర్ కాగితంతో. అరగంట ముందే.

దాచడానికేం లేదు. "తప్పు చేశానక్కా. మీ చోటు నేను వేసేశాను," అంది కూతురు.

ఆవిడ బొమ్మ దగ్గరికెళ్లి కుండీని చూసింది. "చెరిపితే?"

"ఆయన వేళ్లు పోతాయి. అమ్మ ఆఖర్న వేసినవి అవే."

"అయితే ఉంచెయ్యండమ్మా. కుండీ కూడా బాగానే ఉంది," అంటూ ఆవిడ కాగితాన్ని మెల్లిగా వీపు వెనక్కి పెట్టుకుంది.

కూతురు అది చూసింది. ఇక ఎవర్నీ అడగలేదు. గుడ్డ తడిపి కుండీ మొత్తం తుడిచేసింది. దాంతోపాటు అమ్మ వేసిన వేళ్లూ చెదిరిపోయాయి. కళ్లమ్మట నీళ్లు కారుతున్నా చెయ్యి ఆపలేదు. తెల్ల మూల బయటపడ్డాక కుంచె ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ కాగితం విప్పి పక్కన పెట్టుకుని, నాలుక పంటికింద నొక్కి, ఇస్త్రీపెట్టె వేసింది. కొంచెం వంకరగా వచ్చింది. పిడి సరిగ్గా చెదిరిన వేళ్ల కిందికొచ్చింది.

కూతురు ఉండబట్టలేక సన్న కుంచె అందుకుంది. "వేళ్లు సరిచేస్తానక్కా. అలికేసినట్టున్నాయి."

"వద్దమ్మా, ఉండనివ్వండి," అంది ఆవిడ. "పనిలో ఉంటే ఆయన చెయ్యి అలాగే ఉండేది. ఏనాడూ అది ఒకచోట ఆగడం చూడలేదు నేను."

బయట జనం చెప్పులు విడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. కూతురు ఆ వేళ్లవైపు, వంకర పెట్టెవైపు చూసింది. కుంచె టర్పెంటైన్‌లో ముంచి, శుభ్రంగా తుడిచి, అమ్మ డబ్బాలో పెట్టి మూత వేసేసింది.