ఒపోకు కట్టిన ఊరు

సెర్వా చనిపోయి పదకొండు వారాలైంది. ఆమె ఇంకా ఆసుపత్రి శవాల గదిలో, చల్లటి అరలోనే ఉంది. కుమాసీ నగరంలో అది వింతేమీ కాదు. అయినవాళ్లంతా కూడి, ఒక మాట అనుకుని, మంచి శనివారం చూసి సాగనంపేదాకా చనిపోయినవాళ్లు ఎవరైనా అలా ఆగాల్సిందే. మిగతావన్నీ పుట్టింటివాళ్లు చూసుకుంటారు. శవపేటిక మాత్రం మొగుడు తేవాలి. అది రానిదే వాళ్లు రోజు ఖాయం చేయరు.

ఆ మొగుడు ఒపోకు. అతనికి సుఆమే పేటలో పాత లారీ సామాన్ల కొట్టుంది. దాని తలుపు తీసి చాన్నాళ్లయింది. పొద్దున్నే మొహం కడుక్కుని, కూతురు వదిలివెళ్లిన కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అందులో ఊరు కట్టే ఆట ఉంది. ముందు ఉత్త నేల ఇస్తారు. రోడ్డు వేస్తే ఇళ్లు వాటంతటవే లేస్తాయి. గొట్టం వేస్తే నీళ్లొస్తాయి. కరెంటు పోతే ఎందుకు పోయిందో అక్కడే చెప్తుంది. అంత మాట వినే ఊరు ఒపోకు తన జన్మలో చూడలేదు. ఆ ఊళ్లోకి ముప్పై ఎనిమిది వేలమంది చేరారు. ఈలోగా పొయ్యిమీద అన్నం రెండుసార్లు మాడింది. వాసన తెలిసింది గానీ, లేవాలనిపించలేదు.

మంగళవారం మధ్యాహ్నం సెర్వా తమ్ముడు ఎన్సియా వచ్చి, ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చున్నాడు. తెరమీద కొన్ని ఇళ్ల నెత్తిన చిన్న పుర్రె బొమ్మలు మిణుకుమంటున్నాయి. ఏమిటవని అడిగాడు. చచ్చినవాళ్లు, శ్మశానం నిండిపోయింది అని చెప్పి, ఒపోకు ఊరి చివర ఇంకో శ్మశానం పెట్టాడు. నల్లబళ్లు బయల్దేరాయి. ఒక్కో బొమ్మా ఆరిపోయింది.

"ఎవరూ ఏడవరా బావా?"

"ఏడవరు. బండొస్తుంది, తీసుకుపోతుంది."

సాగనంపే రోజు ఎప్పుడని పుట్టింటి పెద్దవాళ్లు అడుగుతున్నారన్నాడు ఎన్సియా. వచ్చే శనివారం పెట్టుకోమన్నాడు ఒపోకు, తెరమీంచి చూపు తిప్పకుండా.

"మర్నాడే అక్వాసిడే పండగ. పండగ నెత్తిన పెట్టుకుని ఎవడన్నా పాతిపెడతాడా? నువ్వుంటున్నది కుమాసీలోనా, ఆ తెరలోనా?"

ఆరు వారాలకోసారి ఆదివారం వచ్చే పండగ అది, కుమాసీలో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలిసిన సంగతే. ఒపోకు వారాలు లెక్కేయబోయాడు. ఆటలో పద్నాలుగో ఏడు నడుస్తోంది. ఇక్కడ ఏ వారమో తేలలేదు. సిగ్గు కూడా వేయలేదు.

"ఆ పై శనివారం అనుకున్నాం," అన్నాడు ఎన్సియా. "అప్పటికీ పేటిక రాకపోతే మావాళ్లే కొంటారు. ఇక అక్కని నీ పెళ్లాంగా పాతిపెట్టరు బావా, మా ఆడపిల్లగానే పాతిపెడతారు. నువ్వు కూడా చూడొచ్చినవాళ్లలో నిలబడాలి."

ఒపోకు లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

ఇద్దరూ వెళ్లేసరికి పేటికలు చేసే వడ్రంగి, చనిపోయినామె ఎత్తెంతని అడిగాడు. తన ఊరు రోజుకి ఎన్ని నీళ్లు తాగుతుందో ఒపోకుకి తెలుసు. ఇది తెలియదు. ఎన్సియా చెప్పబోతే వడ్రంగి ఆపి, మొగుణ్ణి చెప్పనీ అన్నాడు. ఒపోకు చెయ్యెత్తి తన చెవి కింద ఆనించాడు.

"ఇక్కడికొచ్చేది."

వడ్రంగి అక్కణ్ణించి నేలదాకా టేపు పట్టి, అంకె రాసుకున్నాడు. లోపల గుడ్డ ఏ రంగన్నాడు. తెలుపన్నాడు ఒపోకు. ఇప్పుడు ఏడుపొస్తుందేమోనని చూశాడు. రాలేదు.

"కొలత అయిపోయింది, చెయ్యి దించు పెద్దాయనా," అన్నాడు వడ్రంగి.

ఒపోకు దించలేదు.