క్రీస్తురాజు అలక

క్రీస్తురాజు ఉప్పుటేటిలో మోకాళ్ల దాకా దిగి జల్లెడలోని బురదను కడుగుతున్నాడు. నడివయసు దాటిన మనిషి. ముందుకు వాలిన మెడ, ఉప్పునీటికి నాని తెల్లగా ముడతలు పడ్డ వేళ్లు. జల్లెడ అడుగున దారాల్లా మెలికలు తిరిగే పురుగుల్ని పట్టకారుతో ఎత్తి సీసాలో వేస్తూ, మధ్యమధ్య ఎడమ భుజాన్ని పడవ అంచుకేసి రుద్దుకుంటున్నాడు.

గట్టు మీద మొక్కలు పరిశీలిస్తున్న ఉషారాణి అది చూసింది.

"రాజన్నా, భుజం నొప్పా?"

"రాత్రి అడ్డంగా పండుకున్నాలేమ్మా."

ఆమె ఇంకా అడిగేదే. కానీ పొద్దున కాలేజీ బస్సెక్కిన కూతురు ఏంజెలిన్ ఫోన్ ఎత్తడం లేదు. బస్సు బోల్తా పడిందో, పిల్ల కళ్లు తిరిగి ఏ రోడ్డున పడిందో. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఉషారాణి కీడు దగ్గరే ఆగిపోయే మనిషి.

వాళ్లు పనిచేసే నెల్లూరు కన్సల్టెన్సీ, చిత్తడినేలల్లో కట్టడాలు కట్టేవాళ్లకు సర్వే చేసి రిపోర్టు రాసిస్తుంది. యజమాని విజయభాస్కర్‌ది చేపల మీద డాక్టరేట్. తాను వృక్షశాస్త్రం చెప్పే కాలేజీ మూతబడితే ఉషారాణి ఇక్కడ చేరింది. క్రీస్తురాజు చదివింది ఎమ్మెస్సీ జువాలజీయే అయినా, వయసంతా బోగోలు వైపు రొయ్యల హేచరీలో తొట్ల దగ్గర కాపలాకే కరిగిపోయింది. పెళ్లి మాట ఎవరైనా ఎత్తేలోగా జుట్టు నెరిసింది. బురదలోని పురుగుల్ని బట్టి నేల బాగోగులు చెప్పే ఈ పనికి వచ్చాకే, ఎవరైనా అడిగితే "బయాలజిస్టును" అని చెప్పుకోగలిగాడు. ఈసారి రిపోర్టు మీద అతని పేరు కూడా వేస్తామన్నారు. "అచ్చులో చూసుకుంటానమ్మా," అని వారం నుంచి ఉషారాణితో అదే మాట.

జెట్టీ కట్టబోయే కంపెనీ ఆఫీసరు కారు దిగి, గొడుగు కింద నిలబడి, "మీ మీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పండి," అన్నాడు.

క్రీస్తురాజు గట్టెక్కి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని నిటారుగా నిలబడ్డాడు. "హేచరీలో చానా ఏళ్లు చేసినాను సార్. పిల్ల దశలో రొయ్యల్ని..."

"రొయ్యపిల్లలకు ఆయా అనుకోండి సార్," అందుకున్నాడు విజయభాస్కర్. "ముడ్డి కడగడం, జోకొట్టడం!"

ఆఫీసరు పొట్ట ఊగేలా నవ్వాడు. "మరి ఆయా పేరు రిపోర్టులో దేనికండీ? తీసేయండి."

"అట్నే సార్. తీసేస్తాం."

ఉషారాణి కూడా నవ్వింది. నవ్వకపోతే వంతు తన మీదికి వస్తుందని భయం.

క్రీస్తురాజు మెల్లగా పడవ ఎక్కి, అంచుకు వీపు ఆనించి, టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

మధ్యాహ్నం బిరియానీ పొట్లాలు విప్పారు. పడవ నడిపే ముత్యాలయ్య రెండు కేకలు వేసి వచ్చాడు. "పలకడం లేదు సార్. అలిగినట్టుండాడు."

"అలకపాన్పు ఎక్కినాడా పెళ్లికొడుకు? ఏం కావాలంట, స్కూటరా, బంగారు గొలుసా?" విజయభాస్కర్ క్రీస్తురాజు పొట్లంలోని గుడ్డు తీసి ఆఫీసరు ఆకులో వేశాడు. "గమ్మున వదిలెయ్. కడుపు కాలితే వాడే దిగొస్తాడు."

ఉషారాణి లేవబోయింది. అంతలో ఫోన్ మోగింది.

"క్లాసులో ఉండానమ్మా! అన్నిసార్లు చేసి చంపబాకు."

ఉషారాణి గుండె కుదుటపడింది. దేవునికి స్తోత్రం చెప్పుకుని, మళ్లీ కూర్చుని, ఇంకాస్త పెరుగు పచ్చడి వేసుకుంది.

పోటు వచ్చి నీళ్లు ఎక్కాయి. పడవ ఊగింది. ఆ ఊపుకి అటు ఒరిగిన క్రీస్తురాజు మళ్లీ ఇటు రాలేదు. ముత్యాలయ్య వెళ్లి టోపీ ఎత్తి చూశాడు. పెదవి మీది ఈగ లేవలేదు.

"సార్... ఈయన చల్లబడి చానా సేపైనట్టుండాదే."

ఆస్పత్రి వరండాలో కానిస్టేబుల్ అడిగాడు, "మీ దగ్గర ఏం చేసేవాడు?"

"మా స్టాఫ్ కాదండీ," అన్నాడు విజయభాస్కర్. "బురద ఎత్తను పిలుచుకున్న కూలి మనిషి." ఆపైన పక్కకు తిరిగాడు. "అంతే కదా ఉషారాణి గారూ?"

ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న తాను, చదువు మానేసిన ఏంజెలిన్ ఆమె కళ్ల ముందు మెదిలారు.

"అంతేనండీ," అంది.

నెల్లూరికి తిరిగొస్తుంటే, కొడవలూరు దాటాక కన్సల్టెన్సీ కారు గతుకులో పడి ఎగిరింది. పొద్దున క్రీస్తురాజు కూర్చున్న ముందు సీటు కిందనుంచి ఏదో జారి ఉషారాణి పాదానికి తగిలింది. నల్ల బూట్ల జత; ముఖం కనబడేలా పాలిష్ పెట్టి, లోపల మేజోళ్లు ఉండచుట్టి ఉన్నాయి, ఒక్క చుక్క బురద లేకుండా.