చుక్కలు చెంచాలైన కాగితము

తన చేతిమీదుగా వెడలిన కాగితమువలన నేదో యొక పసికందు ప్రాణము పోవునేమో యనునదియే నూకరత్నమునకు లోకమునందలి భయములన్నింటిలో పెద్ద భయము.

పుష్యమాసపు ప్రాతఃకాలము. తూర్పుకనుమల సానువులనుండి దిగివచ్చిన హిమధూమపటలము నర్సీపట్నపు వీథులపై ధవళకంబళమువలె పఱచుకొని బాలభాస్కరబింబమును మాసిన వెండిపళ్లెరముగా జేసివైచియుండ టీకొట్టుల పొయ్యిలచెంత వెచ్చని బూడిదలో కుక్కలు ముడుచుకొని నిద్రించుచుండ గొంతులలో కఫము గురగురలాడు బిడ్డలను దుప్పటులలో చుట్టుకొని కొండపల్లెల తల్లులు జీపులనుండి దిగి యాసుపత్రి మెట్లపై నొకరినొకరు ఒరసికొని కూరుచుండిరి.

ఆ యాసుపత్రిలో మందుచీట్లు టైపుచేయుట నూకరత్నము కొలువు. పదవతరగతి పరీక్షలు వ్రాసిన వేసవియందే మెడలో పుస్తె పడుటచేత నామె చదువు ముగిసిపోయినను కుట్టుమిషనుపై చురుకుదేలిన వ్రేళ్లు కంప్యూటరు మీటలపై గూడ వడిగా పరుగిడుచుండుటంజేసి యా పని దొరకినది. ఇంకను పాలు మఱువని తన కొడుకు లోవరాజును బల్లప్రక్క చీరయుయ్యెలలో పరుండబెట్టి యొక కాలితో నుయ్యెల నూపుచు వైద్యుల చేవ్రాతపై కన్నులు నిలిపి తెరవంక చూడకయే టైపుచేయుట యామె యలవాటు. ఆ యలవాటునకు మేనేజరు సన్యాసినాయుడు మెచ్చుకొనుచుండెడివాడు.

పెద్దలకు మాత్రమే వైద్యము జరుగుచు వచ్చిన యా యాసుపత్రికి శిశువైద్యురాలు సోమవారము సోమవారము వచ్చుట యానాడే మొదలయ్యెను. ఆనాడు చిలకమ్మ యను కొండయూరి యిల్లాలు జ్వరతాపమున కనులు తేలవైచిన తన యాడుశిశువును ఱొమ్ముకదుముకొని వచ్చినది. వైద్యురాలు శిశువును పరీక్షించి మూర్ఛకు మందు వ్రాసి యుదయమున రెండు చుక్కలును సాయంకాలమున రెండు చుక్కలును పట్టుమని నోట జెప్పి తక్కిన తల్లుల బిడ్డలను గూడ చూచి టైపైన చీట్లకట్టపై చదువకయే సంతకములు గీకి కారెక్కి పోయెను. చిలకమ్మయు చీటిని కొంగున ముడివైచికొని జీపెక్కెను.

మధ్యాహ్నపుటెండ పొగమంచును పలుచన చేయుచున్న వేళ బజారునందలి యొక చాకలియిల్లాలు తన బిడ్డ చీటితో తిరిగివచ్చి బల్లపై వైచినది.

“ఏటమ్మా ఇది? డాట్రమ్మ నోటితో రెండు సుక్కలన్నాది. నువ్వు కాయితంలో రెండు సెంచాలని కొట్టీసినావు. నా బిడ్డ కడుపేటి, సెరువా?”

నూకరత్నము చీటిని చూచెను. వైద్యురాలి చేవ్రాతను చూచెను. చేవ్రాతలో చుక్కలే యుండెను. మరల చుక్కలు అని కొట్టి యీ మారు తెరవంక చూచుచు మాటల నడుమ నెడమిచ్చు ఖాళీమీట నొక్కగనే యా మాట కన్నులయెదుట చెంచాలుగా మాఱిపోయెను. తుడిచి మరల కొట్టెను. మరల మాఱెను. పిలువని పేరంటమునకు వచ్చిన భూతమేదో యా యంత్రమునందు కూరుచుండి యామె మాటను మ్రింగి తన మాటను కక్కుచున్నట్లు తోచినది.

పరుగున పోయి సన్యాసినాయునితో జెప్పగా నతడు తాంబూలపు బుగ్గతో నవ్వెను.

“ఓసి, అదా! అది నేనే పెట్టినాను. ఇదివరకటి పిల్ల పెద్దోళ్ల దగ్గుమందుక్కూడా సుక్కలు సుక్కలని కొట్టీసేది. ఎన్నిసార్లు సెప్పినా బుర్రకెక్కితేనా? ఇంక దానికి సెప్పడం మానీసి మెషీన్‌కే సెప్పీసినాను. సుక్కలని ఎవులు కొట్టినా సెంచాలే రావాల. అప్పట్నించి ఒక్క గొడవ నేదు.”

“ఇప్పుడు పసిపిల్లలొస్తన్నారు కదండీ బాబూ!”

“నీ టెన్త్ సదువు నా దగ్గిర సూపించకు. ఎల్లి ఉయ్యాల ఊపుకో.”

ఆమె యుయ్యెలయొద్దకు పోలేదు. వైద్యురాలికి ఫోను చేసినది. జరిగినది వినగనే యవతలి కంఠమిట్లనెను.

“ఆ చిలకమ్మ పాపది మూర్ఛమందమ్మా. చెంచాలతో పడితే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది. ఎలాగైనా పట్టుకో. మిగతావాళ్లకీ చెప్పు.”

కంప్యూటరు సెట్టింగులను వెదకివెదకి, కొట్టిన మాటలను తానే దిద్దు నేర్పును యంత్రమునకు గఱపు పట్టికయొకటి యుండుట నూకరత్నము కనుగొనెను. ఎడమవైపున చుక్కలు. కుడివైపున చెంచాలు. ఆ వరుసను పట్టి తీసివేయుట కొక్క మీట చాలినది. మరల చుక్కలు అని కొట్టగా చుక్కలు చుక్కలుగనే నిలిచెను. ఇంత చిన్న వరుసవలన నెంత కీడు దాపురించెనో తలపోయగా నామెకు సంతోషము రాలేదు. తెరవంక నొక్కసారి కన్నెత్తి చూచియుండినచో నిది ఆదియందే తెలియకపోవునా యని తన్ను దాను నిందించుకొనుచు తన ఫోనునుండియే తల్లులకందఱకును చెప్పసాగినది. ఆసుపత్రి పేరు చెడునని సన్యాసినాయుడు రుసరుసలాడుచుండెను. అందఱును దొరకిరి. అందఱును మొదట తిట్టి పిదప దీవించిరి. చిలకమ్మ పెనిమిటి ఫోను మాత్రము మూగవోయి యుండెను.

లోవరాజును చంకనెత్తుకొని నూకరత్నము చిలకమ్మ యూరికి పోవు జీపెక్కినది. మలుపుమలుపునకును కుదుపులకు బిడ్డ యేడ్చుచుండ వీపుపై తట్టుచు నామె యాయూరు చేరుసరికి చిలకమ్మ గుడిసె తలుపునకు త్రాడు కట్టియుండెను. ప్రక్కయింటి ముంగిట చింతపండు పిక్కలు తీయుచున్న స్త్రీ తలయెత్తెను.

“ఇటికిల బట్టీకి ఎల్లిపోనారమ్మా. మేస్త్రీ లారీ అట్టుకొచ్చి మొగుడూ పెళ్లాన్నీ ఎక్కించీసినాడు.”

“ఏ ఊరు?”

“మాకు సెప్తాడేటి? కిందటేడు ఒక ఊరు, ఈయేడు ఇంకో ఊరు. గోదారి అవతలంట.”

“పాపకి మందు పట్టిందా అక్కా?”

ఆ స్త్రీ చేతిలోని పిక్కలను జారవిడిచెను.

“కాయితం నేనే సదివి పెట్టినాను. రెండు సెంచాలని సదివితే, కాదప్పా, డాట్రమ్మ సుక్కలన్నాది, నా సెవులతో ఇన్నాను అని అది ఒకటే గోల. నేనే కసిరినాను. అచ్చులో ఉన్నది అబద్దమా, సదువురాని నీ సెవి నిజమా అని. ఏడుస్తానే సీసా, సెంచా మూటలో ఎట్టుకుని లారీ ఎక్కింది. ఏటమ్మా, నేను తప్పు సదివినానా?”

“లేదక్కా. నువ్వు సరిగానే సదివినావు.”

చదువురాని తల్లి చెవి విన్న సత్యమును చదువుకొన్న యక్షరము త్రోసివేసెను. ఆ యక్షరమును కొట్టినది తన వ్రేలు. దానిని మార్చినది యంత్రము. యంత్రమునకు నేర్పినది మనుష్యుడు. దానిని మోసికొని యెచ్చటికో పోయినది చిలకమ్మ.

పోలీసుఠాణాలో నడుగగా మేస్త్రీ పేరు తెలియనిదే లారీని వెదకుటెట్లని మందలించి పంపిరి. లారీజాడకై వారమంతయు తిరిగి సోమవారమునాడు ఆసుపత్రికి పోవుసరికి లోవరాజుయొక్క చీరయుయ్యెల విప్పబడి మడతపెట్టబడి మెట్లపై నుండెను. బల్లయొద్ద వేఱొక పిల్ల కూరుచుండియుండెను. “మెషీన్‌లో చెయ్యెట్టే టైపిస్టులు మాకొద్దు” అని సన్యాసినాయుడు తలుపుకడ్డముగ నిలిచెను. అతని భుజముమీదుగా తొంగిచూచిన నూకరత్నమునకు తెరపై నొక పసిబిడ్డ చీటి కానవచ్చెను. అందు చెంచాలనియే యుండెను. ఆ మేధావి సన్యాసినాయుడు తన పట్టికను మరల యథాస్థానమున నిలిపియుండెను. ఆమె గుమ్మమునందే నిలిచి మెట్లపై నున్న తల్లులందఱకును వినబడునట్లు గొంతెత్తి యరచినది. చీటిని నమ్మకుడు డాక్టరమ్మ నోటిమాటను నమ్ముడని యరచినది. కొందఱు లేచి డాక్టరమ్మ గదివైపు పోయిరి. కొందఱు పిచ్చిదని నవ్విరి. కావలివాడు చేయిపట్టి వీథిలోనికి గెంటెను.

నాటినుండి యామె యెఱిగిన లారీడ్రైవర్లనెల్ల నడుగుచున్నది. జవాబు లేదు. తన బిడ్డ నిద్రించునప్పుడెల్ల ముక్కుచెంత వ్రేలుంచి యూపిరి చూచుకొనుచున్నది.

చదువరీ, నీ యూరి పొలిమేరయందు ఇటుకబట్టీ యుండి యుత్తరపు కొండలనుండి వచ్చిన కూలీలచ్చట పనిచేయుచున్నయెడల నొక్కమారు పోయి చూడుము. తల్లి పేరు చిలకమ్మ. శిశువు ఎడమచెవితమ్మెపై నల్లని పుట్టుమచ్చ గలదు. శిశువు బ్రదికియున్నచో తల్లి మూటలోని చీటిని చింపివేసి ఆమె చెవి విన్నదే నిజమని చెప్పుము.