తలుపు దగ్గర నిలబడే నీడ

ఝాన్సీలక్ష్మి ఐదింటికి లేచి ముందు ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెడుతుంది, తర్వాత కిటికీ తెర తీసి కారు మీద ఎంత మంచు పడిందో చూస్తుంది. ఆరున్నరకల్లా ఆమె కెనడాలోని విండ్సర్ ఊరి చివర కార్ల సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీకి బయల్దేరాలి. భర్త జయదేవ్ పాపని స్కూల్ బస్సు ఎక్కించి, నది కింద సొరంగం దాటి అమెరికా వైపు డెట్రాయిట్‌లో తన ఆఫీసుకి వెళ్తాడు. పాప పేరు వర్షిణి. ఏడేళ్ళు, రెండో క్లాసు. అంచు విరిగిన ఇడ్లీ ముట్టదు, విరగనివైతే ఐదు తింటుంది. ఆటిజం అని మూడో ఏటే తేల్చారు. మాటలు తక్కువ. నీడ మాత్రం మహా చురుకు.

వర్షిణి భరించలేనిది ఏదైనా ముంచుకొస్తోందంటే, ముందు ఆ నీడకి తెలుస్తుంది. కాళ్ళ దగ్గర్నుంచి లేచి, గోడ వారగా నడుచుకుంటూ వెళ్ళి, తలుపు దగ్గర నిలబడుతుంది. పాప ఇంకా కూర్చుని రంగులు వేసుకుంటూనే ఉంటుంది. ఏడెనిమిది నిమిషాలకి గానీ గొడవ మొదలవదు. ఈలోగా మిక్సీ ఆపేసి, పాపకి కోటు తొడిగి, వీధిలో రెండు చుట్లు తిప్పుకొస్తే ఇక గొడవే ఉండదు, నీడ కూడా బుద్ధిగా వచ్చి కాళ్ళకి అంటుకుంటుంది. ఇదొక వింత అని ఎవరూ అనుకోలేదు. తెలుగు సంఘం సభల్లో పక్క కుర్చీల్లో ఆంటీలు, కారు లైట్లు ఆర్పలేదని చెప్పినంత మామూలుగా, "అమ్మాయ్, మీ పాప నీడ వెళ్ళిపోతోంది చూసుకో" అనేవాళ్ళు.

స్కూల్లోనూ చూశారు. చూడకేం, వాళ్ళకీ కళ్ళున్నాయి. కానీ గొడవ జరిగినప్పుడల్లా స్కూలు వాళ్ళు నింపే రిపోర్టులో నీడకి గడి లేదు. విద్యార్థి ఏం చేసింది, ఎవరికి దెబ్బ తగిలింది, ఇంటికి ఫోన్ చేశారా, అంతే. నవంబర్‌లో వర్షిణి కుర్చీ తోసేసిందని ఒక రిపోర్టు వచ్చింది. డిసెంబర్‌లో డెనీస్ చెయ్యి కొరికిందని ఇంకొకటి. డెనీస్ అంటే ఆ క్లాసులో ఇలాంటి పిల్లలు నలుగురికి సాయంగా ఉండే మనిషి. కొరికించుకున్నా సరే, ఆవిడకి వర్షిణి అంటే ప్రాణం.

జనవరిలో ప్రిన్సిపల్ మిసెస్ హాలరన్ మీటింగ్‌కి పిలిచింది. ఝాన్సీ ఏలూరు పిల్ల. టీచరుకి ఎదురు చెప్పని ఇంట్లో పెరిగింది. ఆమె చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు తెస్తే వాళ్ళ నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే సంతకం గీకేవాడు. సంతకమంటే చూశానని, అంతకు మించి అర్థం లేదు. ఆ అలవాటుతోనే ఈ మహాతల్లి డబ్బా నిండా కజ్జికాయలు పట్టుకెళ్ళి, ప్రిన్సిపల్ ఎదురుగా కూర్చుని, చెప్పినదానికల్లా గంగిరెద్దులా తలూపి, ముందు పెట్టిన కాగితం మీద చక్కగా సంతకం పెట్టి వచ్చింది. సోమవారం పదకొండున్నరకి స్కూల్ నుంచి ఫోన్.

"పాపని తీసుకెళ్ళండి. ఒంటిపూట ప్లాన్‌కి మీరు ఒప్పుకున్నారు కదా?"

అప్పట్నుంచి రోజూ అంతే. ఫ్యాక్టరీలో పని మధ్యలో వదిలేసి పరిగెత్తడం, పాపని ఇంటికి తేవడం. వర్షిణి ఇంట్లో తలుపు దగ్గర బ్యాగు భుజాన వేసుకుని నిలబడి, "స్కూల్. మోర్ స్కూల్" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఝాన్సీకి తన చెయ్యి తానే నరుక్కోవాలన్నంత కోపం వచ్చేది. మార్చి మొదటి శుక్రవారం ఇంకో మీటింగ్ ఉంది. ఈసారి ఒంటిపూటని జూన్ దాకా పొడిగిస్తారట.

లైన్‌లో ఆమెకి సూపర్వైజరుగా ఉండే భీమారావు గారు ఇరవై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నారు. ఒక పొద్దున టీ బ్రేకులో ఆ కాగితం అడిగి తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివారు.

"ఇక్కడ సంతకం ఎందుకు పెట్టావమ్మాయ్?"

"పెట్టమన్నారండీ. చూసినట్టు..."

"చూసినట్టు కాదు, ఒప్పుకున్నట్టు. ప్రోగ్రెస్ కార్డనుకున్నావా? మా వాడి చిన్నప్పుడు నేనూ ఇదే వెధవ పని చేశాను. వాడికిప్పుడు ముప్పై ఏళ్ళు, ఇంకా దెప్పుతుంటాడు."

"ఇప్పుడు వెనక్కి తీసుకోవచ్చంటారా?"

"ఎందుకు తీసుకోకూడదు? కాగితంతో కట్టేస్తే కాగితంతోనే విప్పుకోవాలి. ఏడుస్తూ వెళ్ళకు. లెక్క పట్టుకుని వెళ్ళు."

ఏం లెక్క పట్టుకెళ్ళాలో కాసేపటికే లైన్ మీదే దొరికింది. ఆ ఫ్యాక్టరీలో ప్రతి లైన్ పైనా ఒక పసుప్పచ్చ తాడు వేలాడుతుంది. పనిలో ఏదో తేడాగా ఉందని ఎవరికి అనిపించినా ఆ తాడు లాగొచ్చు. లాగితే లైన్ ఆగుతుంది. లాగినవాళ్ళని తిట్టకూడదు, అది మొదటి రోజు నేర్పే పాఠం. ఆ పొద్దున కొత్తగా చేరిన స్టూడెంటు పిల్ల ఒకతి తాడు లాగింది. సీటు ఇంకా పాడవలేదు, బోల్టు కాస్త బిగుతుగా తిరుగుతోందంతే. భీమారావు గారు వచ్చి షీటు తీశారు. దానిలో మొదటి గడి, "ముందు ఏం జరిగింది?"

ఝాన్సీ చేతిలో స్క్రూ గన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన పాప నెలల తరబడి తాడు లాగుతూనే ఉంది. స్కూలు వాళ్ళు మాత్రం సీటు చిరిగాకే రాయడం మొదలుపెడుతున్నారు.

అలాంటి గడులతోనే ఒక షీటు తయారుచేసి డెనీస్‌కి ఇచ్చింది. నీడ ఎన్నింటికి లేచింది, అంతకు ముందు ఏమైంది, పాపని బయటికి తీసుకెళ్ళారా లేదా. డెనీస్ మూడు వారాలు ఓపిగ్గా రాసింది. నీడ పదకొండు సార్లు లేచింది. అందులో ఎనిమిది, గోడ మీద బొమ్మలతో అంటించిన ఆనాటి ప్లాన్‌ని చెప్పకుండా మార్చినప్పుడు. చలి ఎక్కువై పిల్లల్ని ఆటకి బయటికి పంపకపోవడం, టీచరు బదులు ఇంకెవరో రావడం లాంటివి. మిగిలిన మూడూ ఎదుటి బాత్రూంలో చేతులారబెట్టే మెషీన్ హోరుకి. వీలు చిక్కిన నాలుగుసార్లు డెనీస్ వర్షిణిని నీడ వెంటే నడిపించింది. ఆ నాలుగుసార్లూ రిపోర్టు రాయాల్సిన పనే పడలేదు.

శుక్రవారం రెండింటికి మీటింగ్. పాపని పక్కింట్లో ఉంచి, జయదేవ్ సెలవు పెట్టి వచ్చాడు. "నేను నోట్స్ రాసుకుంటా, నువ్వు మాట్లాడు. నీకే బాగా తెలుసు" అన్నాడు కార్లో. ఈసారి కజ్జికాయలు లేవు. ఝాన్సీ ఒళ్ళో డెనీస్ నింపిన షీటు ఉంది.

మిసెస్ హాలరన్ కొత్త కాగితం, పెన్ను ముందుకి జరిపింది. ఝాన్సీ పెన్నుని వెనక్కి జరిపింది.

"జనవరిలో అర్థం కాకుండా సంతకం పెట్టాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని రాసి తెచ్చాను. మా పాపకి పూర్తి రోజు స్కూలు కావాలి. దానికేం చెయ్యాలో ఈ షీటులో ఉంది." ఇంగ్లీషులోనే, తొణక్కుండా చెప్పింది. "నీడ లేవగానే డెనీస్ పాపని తీసుకుని బయటికి నడవాలి. రోజు ప్లాన్ మారితే పాపకి ముందే చెప్పాలి. ఈ రెండూ పాప ప్లాన్‌లో రాయాలి."

"డెనీస్ బయటికి వెళ్తే మిగతా ముగ్గురినీ ఎవరు చూస్తారు? ఈ స్కూల్లో ఇరవై రెండు మందికి సాయం కావాలి. నాకున్నది ఆరుగురు. ఇవాళ అందులో ఇద్దరు రాలేదు." ప్రిన్సిపల్ గొంతు పెరిగింది. బల్ల మీద ఫోన్ మోగింది, ఆపేసింది. మళ్ళీ మోగింది. నడుముకున్న వాకీటాకీలో ఎవరో ఆమె పేరే పిలుస్తున్నారు. "మీకు ఒక్క పాప. నాకు..."

అప్పుడు మిసెస్ హాలరన్ నీడ కుర్చీ కిందనుంచి లేచింది. గోడ వారగా నడిచి, తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.

ముగ్గురూ చూశారు. పెద్దవాళ్ళ నీడలు అలా లేవడం అరుదు, చిన్నప్పుడే అదిలించి కూర్చోబెట్టేస్తారు కాబట్టి. ఝాన్సీకి నిమిషం క్రితం దాకా ఈవిడ మీద కోపమే. ఆ నీడని చూశాక కోపం నిలవలేదు, జాలేసింది. ఇంట్లో అయితే ఏం చేసేదో అదే చేసింది. కుర్చీ వెనక వేలాడుతున్న కోటు తీసి ప్రిన్సిపల్ చేతికిచ్చింది.

"కాసేపు బయట నడిచి రండి మేడమ్. మేము ఇక్కడే ఉంటాం. తొందరేం లేదు."

జయదేవ్ లేచి తలుపు తీశాడు. ఆవిడ కోటు వేసుకుని, నీడ వెంట వెళ్ళిపోయింది. ఫోన్ ఇంకో రెండుసార్లు మోగి ఊరుకుంది. ఎనిమిది నిమిషాలకి ఆవిడ తిరిగొచ్చింది. బూట్లకి మంచు, ముక్కు ఎర్రగా ఉంది, నీడ కాళ్ళ దగ్గరే ఉంది. కూర్చుని వాకీటాకీ కట్టేసింది. ఝాన్సీ షీటు దగ్గరికి తీసుకుని పైనుంచి కింది దాకా ఒక్కో గడీ చదివింది.

"ఎనిమిది నిమిషాలేనా పట్టేది?" అంది చివరికి.

"అంతే మేడమ్."

"నా ఆఫీసు ఆ క్లాసు పక్కనే కదా. డెనీస్ వెళ్ళినప్పుడు మిగతా ముగ్గురి దగ్గరా నేను కూర్చుంటాను. నేను లేని రోజు ఎవరుండాలో అది కూడా రాద్దాం."

కొత్త కాగితం మీద ఒంటిపూట అన్నచోట అడ్డంగా గీత కొట్టేసి, పూర్తి రోజు అని రాసింది. తర్వాత డ్రాయరులోంచి ఖాళీ రిపోర్టు ఒకటి తీసి, అన్నిటికంటే పైన, చేత్తోనే ఒక కొత్త గడి గీసింది. ఝాన్సీ కాగితం మొత్తం రెండుసార్లు చదివింది. జయదేవ్ చేత కూడా చదివించింది. అప్పుడు సంతకం పెట్టింది.

సోమవారం పదకొండున్నరకి లైన్ దగ్గర ఝాన్సీ జేబులో ఫోన్ మోగలేదు. పావుతక్కువ పన్నెండుకీ మోగలేదు.

"జేబు తడుముకోవడం ఆపి బోల్టు చూడమ్మాయ్" అన్నారు భీమారావు గారు.

మూడున్నరకి పసుప్పచ్చ బస్సు వీధి మలుపులో ఆగింది. ఎండ వాలి ఉంది. వర్షిణి ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగింది. వెనకాలే దాని నీడ, రోజంతా డ్యూటీ చేసినట్టు అలసిపోయి, మంచు మీద పొడుగ్గా ఈడ్చుకుంటూ వచ్చింది. బ్యాగులో డెనీస్ రాసి పెట్టిన కాగితం ఉంది. "11:20కి నీడ లేచింది. 11:21కి మేమూ లేచాం. 11:29కి ముగ్గురం తిరిగొచ్చాం. తర్వాత లంచ్."

చదువుతుంటే ఝాన్సీకి అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడుపు ఆపుకోవాలని కూడా అనుకోలేదు. వర్షిణి తల్లి మొహం వైపు చూడకుండా, ఆమె కోటు గుండీ పట్టుకుని తిప్పుతూ, ఒక్క మాట చెప్పింది.

"అమ్మా, ఐ స్టేడ్."